కర్త, కర్మ, క్రియ: ప్యాంగ్యాంగ్‌లో దౌత్యవేత్తకు కనిపించే సిద్ధాంతం

ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన దౌత్యవేత్తను, అతను ఏ దేశంవాడైనా, అందరూ అడిగే ప్రశ్న ఒకటే: అక్కడి జనం పాలకులు చెప్పేదంతా నిజంగా నమ్ముతారా? నాయకుడి విగ్రహం ముందు వరుసగా వంగి నమస్కరించే ఆ వేలమంది మనసులో ఏముంటుంది? దీనికి సూటిగా జవాబు చెప్పినవారు తక్కువ. అందుకు వారిని తప్పుపట్టలేము. ఆ దేశంలో ఒక విదేశీయుడు ఒక సాధారణ పౌరుడితో, మూడో మనిషి లేకుండా, తీరిగ్గా కూర్చొని మాట్లాడే సందర్భం దాదాపు రాదు. అయితే దౌత్యవేత్తలు దశాబ్దాలుగా తమ ప్రభుత్వాలకు రాసి పంపిన నివేదికలను, పదవి దిగిపోయాక చెప్పిన సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ప్రశ్న అడిగే తీరే మార్చుకోవాలేమో అనిపిస్తుంది. ఉత్తర కొరియా సిద్ధాంతం మనుషుల తలల్లో ఎంతవరకు దిగిందో ఎవరూ కొలిచి చెప్పలేరు. కాని శనివారం సమావేశంలో, ఇంటి గుమ్మం దగ్గర, బియ్యం కొలతలో, ప్రయాణ అనుమతి పత్రంలో అది స్పష్టంగా కనిపిస్తుంది. అలా కనిపించే భాగం గురించే ఈ వ్యాసం.

ముందు దౌత్యవేత్త ఎక్కడ ఉంటాడో చూడాలి. తేడాంగ్ నది ప్యాంగ్యాంగ్‌ను రెండుగా చీలుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద కూడళ్లు పడమటి ఒడ్డున ఉంటే, చాలా దేశాల రాయబార కార్యాలయాలు తూర్పు ఒడ్డున మున్సుడాంగ్ అనే పేటలో ఉన్నాయి. రష్యా, చైనా మాత్రం తమ హోదాకు తగ్గట్టు నగరం నడిబొడ్డున ఉన్నాయి. జర్మనీ, బ్రిటన్, స్వీడన్ ఒకే ప్రాంగణాన్ని పంచుకుంటాయి. అది ఒకప్పుడు తూర్పు జర్మనీ రాయబార కార్యాలయం. దుబాసీ, డ్రైవరు, వంటమనిషి వంటి స్థానిక సిబ్బందిని దౌత్య కార్యాలయం తనకు తానుగా ఎంచుకోలేదు, ప్రభుత్వమే పంపుతుంది. నగరంలో కొంతమేర తిరగవచ్చు, కొన్ని దుకాణాలకు వెళ్లవచ్చు, కాని ఒక కొరియా కుటుంబం ఇంటికి భోజనానికి వెళ్లడం అనేది జరగదు. నగరం దాటాలంటే ముందుగా తెలియజేయాలి, చాలా చోట్లకు అనుమతి కావాలి, వెంట మనిషి ఉంటాడు.

ఇంత ఇరుకులో పనిచేసేవాడు చిన్న చిన్న ఆనవాళ్లను చదవడం నేర్చుకుంటాడు. పార్టీ పత్రిక ‘రొడాంగ్ సిన్మున్’లో పేర్లు ఏ వరుసలో వచ్చాయి, ప్రముఖుడు చనిపోతే అంత్యక్రియల సంఘంలో ఎవరి పేరు కనిపించలేదు, రాత్రిపూట అపార్ట్‌మెంట్లలో ఎన్ని కిటికీల్లో దీపం వెలుగుతోంది, బజారులో కిలో బియ్యం ధర ఎంత అన్నవే అతని ముడిసరుకు. ఇక్కడ ఒక లోపాన్ని మరచిపోకూడదు. ప్యాంగ్యాంగ్‌లో నివసించడమే కొందరికే దక్కే ప్రత్యేక హక్కు. అనుమతి లేనిదే మరో ప్రాంతంవారు అక్కడ అడుగుపెట్టలేరు. కాబట్టి దౌత్యవేత్త చూసే సామాన్యుడు కూడా ఆ దేశంలో ఎంపికైన మనిషే. ఈశాన్యాన హామ్గ్యాంగ్ రాష్ట్రాల గనుల్లోనో, కొండ పల్లెల్లోనో ఉన్నవారిని అతను కిటికీ అద్దంలోంచి చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు.

ఆ దేశాన్ని అందరికంటే పదునుగా చూసినవారు పాశ్చాత్య దౌత్యవేత్తలు అనుకుంటే పొరపాటు. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, హంగరీ, రొమేనియా వంటి సోదర కమ్యూనిస్టు దేశాల దౌత్యవేత్తలే ముందుగా విస్తుపోయారు. ఆ ప్రభుత్వాలు కూలిపోయాక బయటపడిన వారి నివేదికలు నేటికీ పరిశోధకులకు పెద్ద ఆధారం. కారణం ఊహించగలిగినదే. పాశ్చాత్యుడు అక్కడ చూసినదంతా కమ్యూనిజం అనుకొని ఊరుకుంటాడు, కాని మార్క్స్‌ను చదువుకొని వచ్చిన బుడాపెస్ట్ మనిషికి ఏది ఆ గ్రంథాల్లో ఉందో, ఏది లేదో తెలుసు. తెలుగునాట వామపక్ష సాహిత్యం చదివి పెరిగినవారు ఆ నివేదికల సారాంశం చదివితే, వారికీ అదే రకమైన తత్తరపాటు కలుగుతుంది.

ఆ తత్తరపాటు వెనుక ఒక చరిత్ర ఉంది. 1956లో స్టాలిన్ వ్యక్తిపూజను సోవియట్ నాయకుడు ఖ్రుశ్చేవ్ ఎండగట్టిన తరువాత, ఉత్తర కొరియా పార్టీలోని కొందరు నాయకులు దేశ స్థాపక నాయకుడు కిమ్ ఇల్ సుంగ్‌ను కేంద్ర కమిటీ సమావేశంలో నిలదీయాలని నిర్ణయించుకున్నారు. ఆ మాట వారు ముందుగా వెళ్లి చెప్పింది ప్యాంగ్యాంగ్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలోనే. ఆగస్టులో జరిగిన సమావేశంలో వారు ఓడిపోయారు. సెప్టెంబరులో మాస్కోనుంచి మికోయాన్, బీజింగ్‌నుంచి పెంగ్ దెహువాయ్ వచ్చి, బహిష్కరించినవారిని తిరిగి తీసుకోవాలని ఒత్తిడి తెచ్చారు. కిమ్ ఇల్ సుంగ్ అప్పటికి తల ఊపాడు. ఆ తరువాతి కొన్నేళ్లలో ఒక్కొక్కరినీ ఏరివేశాడు. రాయబార కార్యాలయం అనేది ప్రత్యర్థులు వెళ్లి తలుపు తట్టే చోటు అని ఆ పాలన నేర్చుకున్న పాఠం అప్పటిదే అని నా అభిప్రాయం. తరువాత దౌత్యవేత్తల చుట్టూ లేచిన గోడకు పాశ్చాత్య గూఢచారుల భయంకంటే సోదరుల భయమే ముందు పునాది వేసింది.

ఆ గోడ త్వరగానే పెరిగింది. 1960ల తొలి సంవత్సరాల్లో, తూర్పు ఐరోపాలో చదువుకుంటూ అక్కడి స్త్రీలను పెళ్లాడి వచ్చిన కొరియన్లను విడాకులు ఇవ్వాలని ఒత్తిడి చేశారు. 1965లో క్యూబా రాయబారి, ఆయన నల్లజాతీయుడు, తమ దేశంనుంచి వచ్చిన వైద్యులతో కలిసి నగరం చూపిస్తూ వెళ్తుంటే జనం కారును చుట్టుముట్టి, కొట్టి, జాతి పేరు పెట్టి తిట్టారు. అంతర్జాతీయ సౌభ్రాతృత్వం అని గోడలమీద రాసుకున్న రాజధానిలో జరిగిన ఈ సంఘటన సోదర దేశాల దౌత్యవేత్తల నివేదికల్లోకి ఎక్కింది. వర్గం అనే మాట వాడుకలో ఉన్నా, దాని కింద జాతి అనే భావన గట్టిపడుతోందని వారికి అర్థమైంది.

ఇక సిద్ధాంతం సంగతి. దాని పేరు జూచే. మనవారు దీన్ని సాధారణంగా స్వావలంబన అని అనువదిస్తారు. అది తప్పు కాదుగాని సరిపోదు. చైనీస్ మూలాలున్న ఈ పదానికి అసలు అర్థం కర్త, అంటే పనిచేసేవాడు, ఇంకొకడి పనికి గురయ్యేవాడు కాదు. మన వ్యాకరణ పరిభాషలో చెబితే కర్తృత్వం అనాలి. మొదట ఇది పెద్ద తత్త్వమేమీ కాదు; 1955 డిసెంబరు 28న కిమ్ ఇల్ సుంగ్ పార్టీ ప్రచార కార్యకర్తలతో మాట్లాడుతూ, సోవియట్ పద్ధతినో చైనా పద్ధతినో గుడ్డిగా కాపీ కొట్టవద్దని, కొరియా విప్లవమే మన కర్త అని చెప్పాడు. ప్రత్యర్థులు మాస్కోకు దగ్గరివారు కాబట్టి ఆ మాటలో రాజకీయ లాభం ఉంది. ఆ తరువాత పదేళ్లపాటు ఈ పదం పెద్దగా వినిపించలేదు.

1967లో మరో అంతర్గత ఏరివేత తరువాత పరిస్థితి మారింది. పార్టీలో ఒకే ఆలోచన, ఒకే నాయకుడు అన్న ‘ఏకైక సిద్ధాంత వ్యవస్థ’ మొదలైంది. 1972 రాజ్యాంగంలో జూచే చేరింది. 1974లో, అప్పటికి వారసుడిగా ఎదుగుతున్న ఆయన కొడుకు కిమ్ జాంగ్ ఇల్ ఆ వ్యవస్థకు పది సూత్రాలు రూపొందించాడు. రాజ్యాంగంకంటే, చట్టంకంటే, ఆచరణలో ఈ పది సూత్రాలే పెద్దవి: నాయకుడి మాటను షరతు లేకుండా పాటించడం, ఆయన అధికారాన్ని పరమంగా భావించడం, ఈ విప్లవాన్ని తరతరాలకు అందించడం వాటి సారం. ప్రతి పౌరుడూ వాటిని కంఠతా పట్టాలి. 1986లో కిమ్ జాంగ్ ఇల్ ఇంకొక మెట్టు ఎక్కి, సమాజం ఒక సజీవ దేహమని, నాయకుడు మెదడు, పార్టీ నాడులు, ప్రజలు శరీరమని, ఆ దేహంలో భాగమైనవాడి భౌతిక ప్రాణం పోయినా రాజకీయ ప్రాణం పోదని చెప్పాడు.

కర్త అనే పదం ప్రయాణం ఇక్కడికి చేరింది. చరిత్రకు కర్త ప్రజలే అని మొదటి వాక్యం చెబుతుంది; కాని ప్రజలు కర్త కావాలంటే నాయకుడి మార్గదర్శనం ఉండాలని రెండో వాక్యం చెబుతుంది; మెదడు లేనిదే శరీరం కదలదని మూడోది చెబుతుంది. కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే అని మనం వ్యంగ్యంగా అనే మాట అక్కడ రాజ్యాంగ సూత్రమైంది. ఈ తత్త్వాన్ని గ్రంథస్థం చేయడంలో ముఖ్యపాత్ర వహించిన హ్వాంగ్ జాంగ్ యోప్ 1997లో బీజింగ్‌లోని దక్షిణ కొరియా దౌత్య కార్యాలయంలో ఆశ్రయం కోరాడు. 2010లో సియోల్‌లో చనిపోయేదాకా, తాను రాసిన మానవ కేంద్రక తత్త్వాన్ని పాలకులు వంకర తిప్పారనే వాదించాడు. మార్క్స్, లెనిన్ సంగతి చెప్పాలంటే, 2009లో సవరించిన రాజ్యాంగంలో కమ్యూనిజం అనే పదం లేదు, 2012లో కిమ్ ఇల్ సుంగ్ కూడలినుంచి వారిద్దరి చిత్రపటాలు దిగిపోయాయి. 2021 పార్టీ నియమావళిలో కమ్యూనిస్టు సమాజం లక్ష్యంగా మళ్లీ వచ్చింది. మాటలు వచ్చి పోతుంటాయి. పది సూత్రాలు మాత్రం 2013లో ఒకసారి సవరణకు లోనై, ఇప్పటికీ అమలులో ఉన్నాయి.

దౌత్యవేత్తలుండే తూర్పు ఒడ్డునే 170 మీటర్ల జూచే స్తంభం ఉంది. 1982లో కిమ్ ఇల్ సుంగ్ డెబ్బయ్యో పుట్టినరోజుకు కట్టిన ఆ స్తంభానికి 25,550 రాతి పలకలు వాడారని, ఆయన జీవించిన రోజుకు ఒకటి చొప్పున లెక్క అని అక్కడి మార్గదర్శకులు చెబుతారు. డెబ్బైని 365తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. లీపు సంవత్సరాల్లో ఆయన బతికిన అదనపు రోజులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

స్తంభం కంటే బరువైనవి కనిపించని ఏర్పాట్లు. పెద్దవాళ్లందరూ గుండెకు ఎడమవైపు నాయకుల బొమ్మ ఉన్న బ్యాడ్జీ ధరిస్తారు, అది దౌత్యవేత్తకు మొదటి రోజే కనిపిస్తుంది. వారానికి ఒకసారి, సాధారణంగా శనివారం, ప్రతివారూ తమ సంస్థలో జరిగే ఆత్మవిమర్శ సమావేశానికి హాజరు కావాలి; ఆ వారం చేసిన ఒక తప్పు తాను చెప్పుకోవాలి, పక్కవాడి తప్పు ఒకటి ఎత్తిచూపాలి. దేశం విడిచి వచ్చినవారు చాలామంది చెప్పే విషయం ఏమిటంటే, మిత్రులు ముందుగానే మాట్లాడుకొని, ఈ వారం నువ్వు నన్ను ఆలస్యంగా వచ్చానని అను, వచ్చే వారం నేను నిన్ను అంటాను అని సర్దుకుంటారట. నమ్మకం ఉందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా పనికిరాదు. నమ్మినా నమ్మకపోయినా శనివారం అక్కడ కూర్చోవాలి, పక్కవాడిని విమర్శించాలి. అలా ఏళ్ల తరబడి చేసినవాడు పక్కవాడితో కలిసి మరో పని తలపెట్టడం కష్టం. సిద్ధాంతం ఆ పని చేయగలిగితే పాలకులకు చాలు.

ఇంటి దగ్గర ‘ఇన్మిన్‌బాన్’ ఉంటుంది. ఇరవై నుంచి నలభై ఇళ్లకు ఒకటి చొప్పున ఏర్పరచిన ఈ బృందానికి సాధారణంగా ఒక మధ్యవయసు స్త్రీ పెద్ద. ఏ ఇంట్లో ఎన్ని చెంచాలున్నాయో ఆమెకు తెలియాలని అక్కడ ఒక నానుడి. రాత్రికి చుట్టం వస్తే పేరు నమోదు చేయించాలి. వీధులు ఊడవడం, ఎరువు సేకరించడం, పథకాలకు చందా వసూలు చేయడం కూడా ఆమె పనే. వీటన్నింటి వెనుక ‘సాంగ్‌బున్’ అనే పుట్టుక లెక్క ఉంది. 1950ల చివర, 1960లలో జరిపిన విచారణల్లో ప్రతి కుటుంబాన్నీ విశ్వాసపాత్రులు, ఊగిసలాడేవారు, శత్రువులు అనే మూడు వర్గాలుగా, వాటి లోపల 51 ఉపవర్గాలుగా విడదీశారు. జపాను వలస పాలన కాలంలో, కొరియా యుద్ధంలో తాత తండ్రులు ఏ పక్షాన ఉన్నారన్నది చదువు, ఉద్యోగం, నివాసం, పార్టీ సభ్యత్వాలను నిర్ణయిస్తుంది. వర్గం లేని సమాజం కోసం మొదలైన రాజ్యం వంశానుగతమైన వర్గీకరణను ఫైళ్లలో కట్టి పెట్టుకుందన్నమాట; కులం అంటే ఏమిటో తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

అయితే ఈ కట్టడి అంతటికీ ఇరుసు తిండి. 1957లో ధాన్యం ప్రైవేటు వ్యాపారాన్ని నిషేధించారు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు రేషనే ఆధారం: మామూలు పనివాడికి రోజుకు 700 గ్రాములు, గనిలో చేసేవాడికి 900, వృద్ధులకు, పిల్లలకు తక్కువ. మన చౌకధరల దుకాణంతో దీన్ని పోల్చకూడదు; మన దగ్గర కార్డు లేనివాడు పక్క కొట్లో కొనుక్కుంటాడు, అక్కడ పక్క కొట్టు లేదు. ఉద్యోగం ఉన్న చోటే రేషన్, అనుమతి లేని ప్రయాణంలో రేషన్ లేదు. మనిషిని కదలకుండా ఉంచడానికి అంతకంటే బలమైన తాడు అక్కర లేదు.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి, స్నేహ ధరలకు వచ్చే చమురు ఆగిపోయినప్పుడు ఎరువుల ఫ్యాక్టరీలు, నీటి పంపులు, రైళ్లు ఒకదాని తరువాత ఒకటి కుంటుపడ్డాయి. 1995 ఆగస్టు వరదలతో రేషన్ వ్యవస్థ ప్యాంగ్యాంగ్ వెలుపల దాదాపు కుప్పకూలింది. ‘కష్టాల యాత్ర’ అని పాలకులు పేరు పెట్టిన ఆ కరువులో ఆరు లక్షల నుంచి పది లక్షల మంది చనిపోయారని ఎక్కువమంది పరిశోధకుల అంచనా. అంతకు రెండు మూడింతలు చెప్పేవారూ ఉన్నారు. బతికినవారిని బతికించింది ఇంటి ఆడవాళ్లు. మగవాళ్లు జీతం రాకపోయినా ఫ్యాక్టరీలో హాజరు వేయించుకోవాలి కాబట్టి, స్త్రీలు వీధి చివర కూర్చొని సోయా పెరుగు, మొక్కజొన్న నూడుల్స్, చైనా బట్టలు అమ్మారు. ఆ వీధి చివరలే ‘జాంగ్మదాంగ్’ అనే బజార్లయ్యాయి. 2003లో ప్రభుత్వం వాటికి పైకప్పు వేసి పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. అలాంటి తుంగిల్ వీధి బజారు ప్యాంగ్యాంగ్‌లోని విదేశీయులకు కూడా సుపరిచితమైంది.

సిద్ధాంతం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ వంగదో ఈ బజారులో తెలిసింది. 2009 నవంబరు 30న నోట్ల మార్పిడి ప్రకటించి, పాత వంద వోన్లకు కొత్తది ఒకటి అన్నారు. మార్చుకోగలిగిన మొత్తానికి మొదట లక్ష వోన్ల పరిమితి పెట్టారు. బజారులో పోగేసుకున్న సొమ్ము ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైంది. జనం బాహాటంగా విసుక్కున్నారు. ఆ దేశంలో అరుదైన విషయంగా, ప్రధానమంత్రి స్థానిక అధికారుల ముందు పొరపాటు ఒప్పుకున్నాడని వార్తలు వచ్చాయి. పరిమితులు సడలించారు, బజార్లు తిరిగి తెరుచుకున్నాయి. 2010లలో ప్రభుత్వ ఉద్యోగి నెల జీతం మూడు వేల వోన్లు ఉంటే బజారులో కిలో బియ్యం ఐదు వేలు పలికేది. అంటే జీతంమీద ఎవరూ బతకడం లేదని అందరికీ తెలుసు. అయినా శనివారం సమావేశం ఆగలేదు. రేషన్ పోయి, ఆచారం మిగిలింది. బజారులో లంచం ఇచ్చి స్థలం కొనుక్కున్న స్త్రీయే సాయంత్రం ఇన్మిన్‌బాన్‌లో చందా చదివించేది.

స్వావలంబనకూ అప్పులకూ ఉన్న సంబంధం గురించి స్వీడన్ వారిని అడగాలి. 1974లో ఉత్తర కొరియా వెయ్యి వోల్వో 144 కార్లను స్వీడన్‌నుంచి తెప్పించుకుంది, యంత్రాలు కూడా కొన్నది. డబ్బు చెల్లించలేదు. 1975లో ప్యాంగ్యాంగ్‌లో రాయబార కార్యాలయం తెరిచిన మొదటి పాశ్చాత్య దేశం స్వీడనే, కాబట్టి బాకీ వసూలు కూడా ఆ దౌత్యవేత్తల నెత్తిన పడింది. స్వీడన్ ఎగుమతి రుణాల సంస్థ ఏటా రెండుసార్లు గుర్తుచేస్తూ ఉత్తరం పంపుతూనే ఉంది. వడ్డీతో అది వందల కోట్ల క్రోనర్లకు చేరింది. ఆ వోల్వోలు కొన్ని దశాబ్దాల తరువాత కూడా టాక్సీలుగా తిరుగుతూ సందర్శకులకు కనిపించాయి. యుద్ధంలో నేలమట్టమైన హామ్‌హంగ్ నగరాన్ని 1950ల మధ్యనుంచి తూర్పు జర్మనీ ఇంజనీర్లు వచ్చి తిరిగి కట్టారు. ఆ సాయం గురించి అక్కడి అధికారిక చరిత్ర చెప్పేది ఎంత తక్కువంటే, సోదర దేశాల నివేదికల్లో పదేపదే కనిపించే నొప్పి అదే.

అద్దాన్ని తిప్పి చూస్తే మరో దృశ్యం. విదేశాల్లో పనిచేసే ఉత్తర కొరియా దౌత్యవేత్త తన కార్యాలయం ఖర్చులో కొంత తానే సంపాదించుకోవాలి. 1976లో మద్యం, సిగరెట్లు, మాదకద్రవ్యాల అక్రమ వ్యాపారం చేస్తున్నారని నాలుగు నార్డిక్ దేశాలు వారిని బహిష్కరించాయి. బెర్లిన్‌లో రాయబార కార్యాలయ భవనంలో కొంత భాగాన్ని అద్దెకిస్తే అందులో ఒక హాస్టల్ నడిచింది; ఐక్యరాజ్యసమితి ఆంక్షల కారణంగా 2020లో కోర్టు దాన్ని మూయించింది. పిల్లల్లో కనీసం ఒకరిని స్వదేశంలో వదిలి రావాలన్నది మామూలు నియమం. లండన్‌లో ఉప రాయబారిగా ఉన్న థే యాంగ్ హో 2016లో భార్యతో, ఇద్దరు కొడుకులతో కలిసి దక్షిణ కొరియాకు వెళ్లిపోగలగడానికి కారణం, ఇద్దరు పిల్లలూ తన దగ్గరే ఉండటం. 2020లో ఆయన సియోల్‌లోని గాంగ్నమ్ నుంచి పార్లమెంటు సభ్యుడిగా గెలిచాడు. అంతకుముందు ఏళ్ల తరబడి లండన్ సభల్లో తమ దేశ వ్యవస్థను సమర్థిస్తూ ఉపన్యాసాలు ఇచ్చింది కూడా ఆయనే. ఆయన నమ్మేవాడా అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఏమి జవాబు వచ్చేదో!

భారత్ 1973 డిసెంబరు 10న రెండు కొరియాలతోనూ ఒకే రోజు దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ప్యాంగ్యాంగ్‌లో మన రాయబార కార్యాలయం అప్పటినుంచి నిశ్శబ్దంగా పనిచేస్తూ వచ్చింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా పది లక్షల డాలర్ల విలువైన క్షయ మందులు పంపడం వంటివి వార్తల్లోకి వచ్చిన కొద్ది సందర్భాలు. ఆ ఏడాది జనవరిలో కోవిడ్ భయంతో ఉత్తర కొరియా సరిహద్దులు మూసేసింది. కొత్త సిబ్బంది రావడం, మందులు రావడం, ఉన్నవారు వెళ్లడం అన్నీ ఆగిపోయాయి. బ్రిటన్ మేలో తన వారిని వెనక్కి పిలిపించుకుంది. 2021 ఫిబ్రవరిలో ఎనిమిదిమంది రష్యన్లు, అందులో చిన్న పిల్లలు కూడా ఉన్నారు, ముప్పై గంటలకు పైగా రైల్లో, తరువాత బస్సులో ప్రయాణించి, చివరి కిలోమీటరు దూరం సామాన్లతో సహా ఒక చేతి ట్రాలీని పట్టాలమీద తోసుకుంటూ సరిహద్దు దాటారు. అదే ఏడాది జూలైలో మన సిబ్బంది మాస్కో మీదుగా తిరిగి వచ్చారు. స్వీడన్ దౌత్యవేత్తలు 2024 సెప్టెంబరులో, మనవారు డిసెంబరులో మళ్లీ అక్కడ అడుగుపెట్టారు.

తిరిగి వెళ్లినవారికి కనిపిస్తున్నది పాత ప్యాంగ్యాంగ్ కాదు. 2020 డిసెంబరులో దక్షిణ కొరియా సినిమాలు, పాటలు చూసినా పంచినా కఠిన శిక్షలు విధించే చట్టం వచ్చింది. 2023 జనవరిలో సియోల్ యాసను, అక్కడి పిలుపులను నిషేధిస్తూ మరొకటి వచ్చింది. 2024 జనవరిలో రెండు కొరియాల ఏకీకరణకు గుర్తుగా రాజధాని శివార్లలో నిలిపిన తోరణాన్ని కూల్చివేశారు. అన్నింటికంటే ముఖ్యంగా, సరిహద్దు మూసిన ఏళ్లలో ప్రభుత్వం ధాన్యం దుకాణాలను సొంతంగా తెరిచి, బజారులో బియ్యం అమ్మకాన్ని అదుపులోకి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కరువులో చేజారిన తాడు కొసను మళ్లీ వెతికి పట్టుకుంటున్నారు. మున్సుడాంగ్‌లో కొత్తగా దిగిన దౌత్యవేత్త ఒక ఆదివారం తుంగిల్ వీధి వరకు వెళ్లగలిగితే, అక్కడ బియ్యం బస్తా ముందు కూర్చున్నది ఎవరో, ఇంకా అసలు కూర్చున్నవారు ఉన్నారో లేదో ముందుగా చూస్తాడు.